లార్డ్ పీటర్ తిరిగొచ్చాడు సరే, హారియట్ సంగతి?

డిటెక్టివ్‌ని చంపడం రచయిత చేతిలో లేని పని అని 1893లోనే తేలిపోయింది. ఆ డిసెంబరులో కోనన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్‌ని జలపాతం పాలు చేస్తే పాఠకులు స్ట్రాండ్ పత్రిక చందాలు మానేశారు, రచయితకి కోపంగా ఉత్తరాలు రాశారు. 1903కల్లా హోమ్స్ బతికొచ్చాడు. అదే 1893లో పుట్టిన డొరొతీ ఎల్. సేయర్స్ తన డిటెక్టివ్ లార్డ్ పీటర్ విమ్సీని చంపలేదు, వదిలేసింది. 1936లో మొదలుపెట్టిన ‘థ్రోన్స్, డామినేషన్స్’ నవలని సగంలో పక్కనపెట్టి నాటకాల వైపు, మతచర్చల వైపు వెళ్ళిపోయింది. 1957లో చనిపోయింది. ఆ నవలని 1998లో జిల్ పేటన్ వాల్ష్ పూర్తిచేసింది. ఆ తర్వాత 2002, 2010, 2013లలో మరో మూడు రాసింది. వీటిమీద పాఠకుల మాటలు విన్నకొద్దీ నాకొక అనుమానం బలపడింది. ‘మా పీటర్ ఇలా మాట్లాడడు’ అని అలిగేవాళ్ళు నిజంగా అలుగుతున్నది పీటర్ గురించేనా?

హారియట్ వేన్ ఎవరో కొంచెం చెప్పుకోవాలి. 1930లో వచ్చిన ‘స్ట్రాంగ్ పాయిజన్’ నవల మొదలయ్యేసరికి ఆమె కోర్టు బోనులో ఉంటుంది. డిటెక్టివ్ నవలలు రాసుకు బతికే స్త్రీ. పెళ్ళి మీద నమ్మకం లేదన్న ప్రియుడితో, అతని మాట నమ్మి, కలిసి బతికింది. కొన్నాళ్ళకి అతనే పెళ్ళి ప్రతిపాదన తెస్తే, ఇన్నాళ్ళూ నన్ను పరీక్షించావా అని అవమానపడి బయటికొచ్చేసింది. అతను విషంతో చచ్చిపోతే నేరం ఆమె మీద పడింది. జడ్జి చెప్పే సారాంశంలో ఆర్సెనిక్ ఎంత ముఖ్యమో ఆమె ‘నడవడిక’ కూడా అంతే ముఖ్యం. ఆమెని ఉరికంబం నుంచి ఆపింది ముందు పీటర్ కాదు, జ్యూరీలో కూర్చున్న మిస్ క్లింప్సన్ అనే పెళ్ళికాని పెద్దావిడ. అందరూ ఒక మాట మీదికి రాబోతే ఆవిడ ఒప్పుకోలేదు. ఇంగ్లండులో స్త్రీలకి జ్యూరీలో కూర్చునే హక్కు 1919 చట్టంతోనే వచ్చిందని గుర్తుంచుకుంటే, ఆ సన్నివేశం కథ సౌకర్యం కోసం పెట్టింది కాదని తెలుస్తుంది.

సేయర్స్ జీవితం ఇందులో ఎంతుందో ఆమె చరిత్రకారులు బాగానే తవ్వారు. పెళ్ళి వద్దన్న ఒక రచయితతో తెగిన బంధం, వేరొకరి వల్ల 1924లో పుట్టిన కొడుకు, ఆ బిడ్డని బంధువు దగ్గర పెంచుతూ లోకానికి తెలియకుండా దాచిన ఏళ్ళు. సోమర్‌విల్ కాలేజీలో 1915లో ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నా, ఆక్స్‌ఫర్డ్ ఆడవాళ్ళకి డిగ్రీలివ్వడం మొదలుపెట్టిన 1920 దాకా ఆమె చేతికి పట్టా రాలేదు. (అదే సోమర్‌విల్‌లో 1892లో న్యాయశాస్త్రం పరీక్ష పాసైన మన కార్నీలియా సొరాబ్జీకి పట్టా అందింది 1922లో.) అందుకే హారియట్ పీటర్‌ని అయిదేళ్ళ పాటు కాదంటుంది. ప్రాణం కాపాడినవాడికి కృతజ్ఞతగా పెళ్ళాం కావడం ఆమెకి ఇష్టం లేదు. 1935 నాటి ‘గాడీ నైట్’లో, ఆడవాళ్ళ కాలేజీ నేపథ్యంలో, బుద్ధిజీవి అయిన స్త్రీ తన పనిని వదులుకోకుండా ప్రేమించగలదా అన్న ప్రశ్న తేలాకే ఆమె ఒప్పుకుంటుంది. హత్య లేని డిటెక్టివ్ నవల అది. స్త్రీవాదులకి ప్రియమైన నవల కూడా. అయితే ఆ కాలేజీలో దోషిగా తేలేది అక్కడ పనిచేసే ఒక విధవరాలు అని మనం తేలిగ్గా మర్చిపోతాం. చదువుకున్న స్త్రీల స్వేచ్ఛకి అడ్డం పనిమనిషి అయి కూర్చోవడం ఎవరి ఊహ?

ఇక పేటన్ వాల్ష్. ‘థ్రోన్స్, డామినేషన్స్’ రెండు పెళ్ళిళ్ళని పక్కపక్కన పెట్టి చూసే నవల. భర్త ఆరాధనలో బతికే అందగత్తె ఒకతె, రాసుకునే గదిని కాపాడుకునే హారియట్ మరొకతె. మొదటామె హత్యకి గురవుతుంది. ‘ఎ ప్రిజంప్షన్ ఆఫ్ డెత్’ యుద్ధకాలపు పల్లెటూరు. సేయర్స్ 1939-40 చలికాలంలో స్పెక్టేటర్ పత్రికకి రాసిన ‘విమ్సీ పేపర్స్’ దీనికి ఆధారం. వైమానిక దాడి రిహార్సల్ ముగిసేసరికి పొలం పనికొచ్చిన ఒక యువతి వీధిలో శవమై ఉంటుంది. పీటర్ రహస్య పనిమీద విదేశంలో ఉన్నాడు. పోలీసు అధికారి వచ్చి హారియట్ సాయం అడుగుతాడు. ఆ సగం నవల నాకు చాలా ఇష్టం. బ్లాకవుట్ తెరలు, ఇంటినిండా పిల్లలు, రేషన్ మధ్య ఒక స్త్రీ ఆలోచిస్తుంది.

పాత పాఠకుల్లో చాలామందికి ఇక్కడే పేచీ. వాక్యం పలచబడిందంటారు, నిజమే. సేయర్స్ పీటర్ నాలుక మీద కవిత్వం పరిగెత్తుతుంది, పేటన్ వాల్ష్ పీటర్ జాగ్రత్తగా, మంచిగా మాట్లాడతాడు. రాబోయే కాలం ముందే తెలిసినట్టు పాత్రలు ఆలోచిస్తాయన్నది రెండో ఆరోపణ. చారిత్రక నవలకి అది పెద్ద లోపమే. 1930లలో సేయర్స్ రాసింది తన వర్తమానం, 1998లో అదే కాలం చరిత్ర అయిపోయింది. కానీ మూడో ఆరోపణ ఉంది చూశారూ, పీటర్ మెత్తబడ్డాడని, హారియట్‌కి చోటెక్కువైందని, దాన్ని వాక్యనిర్మాణం ఖాతాలో వేయలేం. దీనికి ఎదురు మాట చెప్పేవాళ్ళూ తక్కువేం లేరు. పెళ్ళయ్యాక హారియట్ ఏమైందో తెలుసుకోవాలని ఏళ్ళ తరబడి ఎదురుచూసిన పాఠకురాళ్ళు శైలి తేడాని చూసీ చూడనట్టు క్షమించేశారు.

ఈ మెత్తదనం గొడవ 2020లో అక్షరాలా కోర్టుకెక్కింది. హోమ్స్ చెల్లెలు ఎనోలాని కథానాయికని చేసి నాన్సీ స్ప్రింగర్ రాసిన నవలల మీద సినిమా వస్తుంటే కోనన్ డాయిల్ వారసుల సంస్థ అమెరికాలో దావా వేసింది. అప్పటికి కాపీరైట్ మిగిలిన 1923-27 నాటి కథల్లోనే హోమ్స్‌కి మనసు కరిగిందనీ, ఆడవాళ్ళని గౌరవించడం నేర్చుకున్నాడనీ, కాబట్టి ఆ గుణం తమ ఆస్తి అనీ వాదన. స్త్రీలని గౌరవించడం కాపీరైటు సొత్తు! ఆ డిసెంబరులోనే దావా ముగిసిపోయింది, తీర్పు లేకుండానే.

మనవైపు కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌కి ఈ భాగ్యం పట్టలేదు. అసిస్టెంట్ రాజు, సెక్రటరీ కాత్యాయని, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు, వీళ్ళతో మద్రాసు నడిచిన ఆ నవలలు అద్దె పుస్తకాల షాపుల్లో నలిగి నలిగి అట్టలూడాయి. మన సాహిత్య చరిత్రలు వాటిని చదివినవాళ్ళని లెక్కలోకి తీసుకోలేదు, ఆడవాళ్ళనైతే అసలే లేదు. గార్లలో నాకు తెలిసిన ఒక రిటైర్డ్ టీచరమ్మ, ఆమె ఆడబిడ్డ, ఆ బాపతు పాఠకురాళ్ళు. గార్ల స్టేషన్‌లో రైలెక్కితే ఒకవైపు డోర్నకల్, ఖమ్మం, ఇంకోవైపు మానుకోట, వరంగల్. మగవాళ్ళు టౌనుకి పోయొస్తూ తెచ్చుకున్న పుస్తకం, వాళ్ళు పొలానికి పోయాక, తిరిగిచ్చే గడువు లోపల, వంటింట్లో పూర్తయ్యేదట. ‘కాత్యాయని ఫోనెత్తుడే గని కేసు పట్టేది ఎన్నడు?’ అని తనకి అప్పుడే తోచిందని ఆడబిడ్డ అంది. విమర్శ అనే పేరు పెట్టుకోని విమర్శ ఇది.

వాళ్ళిద్దరికీ పేటన్ వాల్ష్ నవలలు నేను తెలుగులో కథగా చెప్పాను. యుద్ధకాలపు నవల ఇద్దరికీ నచ్చింది. ‘అటెన్‌బరీ ఎమరాల్డ్స్’ దగ్గర మాత్రం ముగ్గురికీ పడలేదు. 1951లో పీటర్ తన మొదటి కేసుని, 1921 నాటిదాన్ని, హారియట్‌కి చెప్తుంటాడు. సేయర్స్ పేరు మాత్రం చెప్పి వదిలేసిన కేసు అది. ఒక ఇంగ్లీషు దొరల కుటుంబంలోని పచ్చ, దానికి జతగా ఒక భారతీయ మహారాజు దగ్గరున్న పచ్చలు, వాటి వెనక చెక్కిన పర్షియన్ అక్షరాలు. ఈ నవల మీద ఇంగ్లీషు పాఠకులు ముఖ్యంగా వాదించుకున్నది కథ మాటల్లోనే నడుస్తుందని, పీటర్ అన్న చనిపోయి హారియట్ డచెస్ కావడం బాగుందా లేదా అని. పచ్చ ఎవరిదన్నది వాళ్ళకి చిక్కుముడి మాత్రమే.

గార్ల నుంచి చదివితే అలా కుదరదు. నిజాం కాలంలో ఇది జాగీరు. హైదరాబాద్ రాష్ట్రంలో జాగీర్లు రద్దయింది 1949 ఆగస్టులో, అంటే నవలలో పీటర్ కథ చెప్తున్న కాలానికి రెండేళ్ళ ముందు. 1995లో నిజాం నగలు 173ని భారత ప్రభుత్వం 218 కోట్లకి కొన్నప్పుడు వాటి చెక్కడం గురించి, జేకబ్ వజ్రం గురించి పత్రికలు పేజీలు నింపాయి. ఆ డబ్బు ఏ శిస్తు, ఏ వెట్టి నుంచి వచ్చిందో రాసినవాళ్ళు తక్కువ. టీచరమ్మ మాత్రం సూటిగా అడిగింది: ‘రాయి దొర నుంచి రాజుకు పోతే న్యాయమైనట్టేనా? రాజుకు ఏడికెల్లి వచ్చింది మరి?’ నేను పేటన్ వాల్ష్ తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. సామ్రాజ్యం గురించి సేయర్స్ అడగని ప్రశ్నలు ఈమె అడిగిందని, పీటర్‌కి తన తరగతి మీద సందేహం కలిగించిందని చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. సందేహపడి చివరికి డ్యూకే అయ్యాడు కదా అంది.

ఆడబిడ్డకి పచ్చల గొడవ పట్టలేదు. పీటర్ అన్న కోట అంటుకుని, ఆ రాత్రే అన్న చనిపోయి, ఎస్టేటు భారమంతా వీళ్ళ మీద పడే ఘట్టం దగ్గర నన్ను ఆపేసింది. ‘ఇల్లు కాలిందని అందరు ఏడుస్తున్నరు గని, అంత పెద్ద సంసారం మీద పడ్డంక ఆమె రాసుకునేదెప్పుడు?’ అని అడిగింది. 2013లో వచ్చిన చివరి నవల ‘ది లేట్ స్కాలర్’ వాళ్ళని మళ్ళీ ఆక్స్‌ఫర్డ్ తీసుకెళ్తుంది. పేటన్ వాల్ష్ 2020 అక్టోబరులో చనిపోయింది. ఆ నవల వాళ్ళకింకా చెప్పలేదు.