కరగని విగ్రహాలు

గండికోటకి మేం వెళ్లింది చరిత్ర కోసం కాదు. రాత్రి టెంట్లలో పడుకోవాలి, పొద్దున్నే పెన్నా లోయ మీద సూర్యోదయం చూడాలి, మధ్యాహ్నానికి బెలూం గుహలకి బయల్దేరాలి. ప్లాన్ అంతే.

సూర్యోదయం నిజంగానే బాగుంది. ఎర్రమల కొండల్ని పెన్నా కోసుకుంటూ పోయిన చోటు అది. ఎర్రరాళ్లు పలకలు పలకలుగా, ఎవరో పేర్చినట్టుంటాయి. ఆ గండే కోటకి ఒకవైపు గోడ. పేరూ అక్కణ్నుంచే వచ్చింది.

తిరిగొస్తూ మాధవరాయస్వామి గుడిలోకి వెళ్లాం. గోపురం నిలిచే ఉంది. స్తంభాల మీద శిల్పాలున్నాయి. గర్భగుడి మాత్రం ఖాళీ. "దేవుడేడిరా?" అన్నాడు మావాడొకడు. అందరం నవ్వుకుని బయటికొచ్చేశాం. బెలూంలో, నేల కింద నడుస్తున్నప్పుడు కూడా నన్ను ఆ ప్రశ్న వదల్లేదు.

ఇంటికొచ్చాక టావెర్నియర్ యాత్రా గ్రంథం తిరగేశాను. ఈ ఫ్రెంచి రత్నాల వర్తకుడు 1652లో గండికోటకి వచ్చాడు. అప్పుడు కోట మీర్ జుమ్లా చేతిలో ఉంది. ఆయన గోల్కొండ సుల్తాను వజీరు, సేనాని, పైగా వజ్రాల వ్యాపారి. అంతకు రెండేళ్ల ముందే, 1650లో, పెమ్మసాని నాయకుల నుంచి కోటని గెలుచుకున్నాడు.

మీర్ జుమ్లాకి ఫిరంగులు కావాలి. వాటిని పోతపోయడానికి మాయే అనే ఫ్రెంచివాణ్ని పెట్టుకున్నాడు. లోహం కోసం గుళ్లలోని విగ్రహాలు పోగుచేశారు. అన్నీ కరిగాయట, గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు తప్ప. పూజారులే ఏదో మంత్రం వేశారని మీర్ జుమ్లా వాళ్లని బెదిరించాడు. అయినా లాభం లేకపోయింది. చివరికి మాయే ఒక్క ఫిరంగినీ సరిగా పోయలేకపోయాడు. 

నేను చూసిన ఖాళీ గర్భగుడికి ఇదే కారణమని అనను. విగ్రహాలు మంత్రానికి ఆగాయనీ నమ్మను. కొలిమిలో వేడి చాలకపోయి ఉండొచ్చు. పని చేతకానివాడికి మంత్రం మంచి సాకు కూడా. కానీ ఈ కథని మొదట ఎవరు చెప్పుకుని ఉంటారు? నాకైతే ఇది ఓడిపోయిన ఊరి గొంతులా వినిపిస్తుంది. కోట పోయింది, నాయకులు పోయారు, బెదిరింపులు పూజారుల మీదికొచ్చాయి. అప్పుడు 'మా దేవుళ్లు మాత్రం కరగలేదు' అనుకోవడం వాళ్లకెంత అవసరమో! విచిత్రం ఏంటంటే, ఆ మాట మనదాకా వచ్చింది గెలిచినవాడి అతిథి రాసుకున్న పుస్తకంలోంచి.

ఆ రోజు గుడిలో మేం గడిపింది పది నిమిషాలు. లోయ అంచున రెండు గంటలు. నా ఫోన్‌లో లోయ ఫొటోలు లెక్కలేనన్ని ఉన్నాయి. గర్భగుడిది ఒక్కటీ లేదు. ఖాళీ గదిని ఫొటో తీయడమేంటి అనుకున్నాను అప్పుడు.

మళ్లీ వెళ్తున్నాం. ఈసారి బెలూం ఇంకో రోజుకి పెట్టుకున్నాం.