మిరపకాయ లేని కొరియా వంటల పుస్తకం

కొరియా వంట అనగానే మన ఇళ్ళలో పిల్లలకి గుర్తొచ్చే రంగు ఒక్కటే, ఎరుపు. కిమ్చి ఎరుపు, తొక్‌పొక్కి ఎరుపు, ప్యాకెట్ నూడుల్స్ మరీ ఎరుపు. వాళ్ళు సీరియళ్ళు చూసి "అమ్మా, అది చెయ్యవా" అని అడుగుతారు కాబట్టి మనకీ కాస్త తెలుసుకోక తప్పదు. అలా ఆ దేశపు వంటల సంగతులు చదువుతుంటే నన్ను ఆపేసినది ఒక్క మిరపకాయ కూడా వాడని పాత పుస్తకం ఒకటి. దాన్ని రాసింది డెబ్బై దాటిన మామ్మగారు.

ఆవిడ పేరు జాంగ్ గ్యే-హ్యాంగ్. పుట్టింది 1598లో. జపాన్ సైన్యాలు కొరియా మీద పడి ఏడేళ్ళు అతలాకుతలం చేసిన యుద్ధం ముగిసిందీ ఆ ఏడాదే. తండ్రి పండితుడు. ఈవిడ చిన్నప్పుడే చైనా లిపి నేర్చుకుని పద్యాలు రాసిందట. పందొమ్మిదేళ్ళకి రెండో పెళ్ళివాడికిచ్చి చేశారు. ఆ తర్వాత పద్యాలు రాయడం దాదాపు మానేసింది. మొదటి భార్య పిల్లలతో కలిపి పదిమందిని పెంచింది. కొడుకుల్లో ఒకరు పేరుమోసిన పండితుడయ్యాడు. కరువు రోజుల్లో ఓక్ చెట్ల కాయలు ఏరించి, వాటితో జావ కాచి ఊళ్ళోవాళ్ళ ఆకలి తీర్చిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కాయల పిండితోనే కొరియావాళ్ళు నేటికీ దొతోరిముక్ అనే జున్నులాంటి పదార్థం చేస్తారు.

1670 ప్రాంతంలో, చూపు మందగించాక, ఆవిడ కూర్చుని 146 రకాల వంటకాలు, పానీయాలు రాసిపెట్టింది. పేరు 'ఉమ్‌షిక్ దిమిబాంగ్'. ఆహారపు రుచి తెలుసుకునే పద్ధతి అని అర్థం. తెలుగు బి.ఏ. చదివినదాన్ని కాబట్టి నాకు వంటకాలకన్నా ముందు లిపి మీదికి పోయింది మనసు. సేజోంగ్ రాజు 1446లో ప్రకటించిన హంగుల్ లిపిని ఆ రోజుల్లో పెద్దచదువుల మగవాళ్ళు చిన్నచూపు చూసేవారు. రాతకోతలన్నీ చైనా లిపిలోనే. ఈవిడకి ఆ లిపీ వచ్చు. అయినా హంగుల్‌లోనే రాసింది. కోడళ్ళు, కూతుళ్ళు చదవగలిగేది అదే మరి.

ఇక మిరపకాయ సంగతి. అది కొరియాకి ఆ యుద్ధం రోజుల్లోనే వచ్చిందని ఎక్కువమంది చరిత్రకారులు అంటారు. 1614 నాటి ఒక గ్రంథంలో అది జపాన్ నుంచి వచ్చిన ఘాటు కాయ అనీ, విషమనీ రాశారు! కాబట్టి మన మామ్మగారి కాలానికి మిరప ఆ దేశంలో ఉంది, ఆవిడ వంటింట్లోకి మాత్రం రాలేదు. కారానికి ఆవిడ వాడినవి అల్లం, మిరియాలు, ఆవాలలాంటివే. ఆవిడ చెప్పిన ఊరగాయల్లో కొండ ఆవాకుతో ఒకటుంది, బూడిద గుమ్మడికాయతో ఒకటుంది. ఇప్పుడు మనం చూసే ఎర్రటి క్యాబేజీ కిమ్చి చాలా తర్వాతిది. కిమ్చిలో మిరప వెయ్యడం 1766 నాటి పుస్తకంలో కనిపిస్తుంది. పొడుగాటి క్యాబేజీని మొత్తంగా ఊరబెట్టడం ఇంటింటి అలవాటైంది 19వ శతాబ్దం తర్వాతే. ఎర్రటి తొక్‌పొక్కి అయితే 1950లలో, కొరియా యుద్ధం అయ్యాక వచ్చింది. మన మిరపా పోర్చుగీసువాళ్ళు తెచ్చిందే కదా. మనం మిరియం పేరు మీదుగా మిరపకాయ అన్నట్టే, వాళ్ళకీ మిరియాలు 'హుచు', మిరపకాయ 'గోచు'. కొత్త కారానికి పాత కారం పేరే అతికించారన్నమాట.

పుస్తకంలో దాదాపు మూడో వంతు మద్యం తయారీకే పోయింది. పితృకార్యాలకీ, వచ్చేపోయే అతిథులకీ అది ఉండాల్సిందే. అది ఇల్లాలి పనే.

చివర్లో కూతుళ్ళకి ఒక మాట రాసింది. చూపు ఆనకపోయినా కష్టపడి రాశాననీ, కావాలంటే నకలు రాసుకొమ్మనీ, పుస్తకం మాత్రం పట్టుకుపోవద్దనీ, చిరగకుండా చూడమనీ. పెళ్ళై వెళ్ళిన ఆడపిల్లకి అమ్మ చేతిరాత కూడా దక్కకూడదా అని మొదట నాకు ఉక్రోషం వచ్చింది. కానీ తలో ఊరికీ పోయుంటే అది ఎక్కడో చెదలు పట్టిపోయేది. మూడు వందల ఏళ్ళు ఆ ఇంట్లోనే భద్రంగా ఉంది. ఇప్పుడు క్యుంగ్‌పుక్ జాతీయ విశ్వవిద్యాలయంలో దాచారు. ఆవిడ మాట నెగ్గిందనే అనాలి. మన ఇళ్ళలో ఎన్ని కొలతలు "కళ్ళతో చూసి వేసెయ్" అన్న ఒక్క ముక్కలో పోయాయో!

వండి చూడాలంటే నేను చెప్పేది అందులోని 'బింజా'. పొట్టు తీసిన పెసలు నానబెట్టి రుబ్బి, పెనం మీద నూనె వేసి చిన్న అట్టు పోసి, మధ్యలో తేనె కలిపిన ఎర్ర చిక్కుడుగింజల ముద్ద పెట్టి, పైన మళ్ళీ పెసరపిండి కప్పి కాల్చమంది. పెసరట్టుకి పినతల్లి కూతురే! దాని వారసత్వమే సియోల్ గ్వాంగ్‌జాంగ్ బజారులో వేడివేడిగా అమ్మే బిందేతొక్. తీపి పోయి ఇప్పుడు అందులో కిమ్చి, మొలకలు, పందిమాంసం చేరాయి. శాకాహారులు మాంసం మానేసి, కిమ్చి సీసా కొనేముందు దాని మీద రాసింది చదవండి, చాలావాటిలో రొయ్యలో చేపల రసమో ఉంటుంది. బౌద్ధ మఠాల కిమ్చిలో అవీ ఉండవు, ఉల్లి వెల్లుల్లీ ఉండవు.

మనకి పెసరపప్పు చాలు. రెండు గంటలు నానితే సరిపోతుంది, నీళ్ళు తక్కువ పోసి గట్టిగా రుబ్బండి. పెసరట్టులా పల్చగా తిప్పకుండా ఊతప్పంలా మందంగా వేసి, సన్నసెగ మీద రెండువైపులా ఓపిగ్గా కాల్చాలి.