బ్యాలెట్ చీటీ, ఎత్తిన చెయ్యి

గ్రామ పంచాయతీ ఎన్నికల రోజున తెలంగాణలోని హత్నూర మండలం ఊళ్లలో రెండు రకాల ఓట్లు పడతాయి. పొద్దున 7 గంటల నుంచి మధ్యాహ్నం 1 గంట దాకా ఊరి జనం వరుస కట్టి, సర్పంచ్‌కు గులాబీ రంగు బ్యాలెట్, వార్డు సభ్యుడికి తెల్ల బ్యాలెట్ పెట్టెలో వేస్తారు. 2 గంటలకు లెక్కింపు మొదలవుతుంది. గెలిచినవాళ్లు తేలాక, మామూలుగా అదే రోజు, కొత్త పాలకవర్గం కూర్చుని ఉప సర్పంచ్‌ను ఎన్నుకుంటుంది. ఈ ఎన్నికకు బ్యాలెట్ పెట్టె అక్కర్లేదు. ఒకరు పేరు ప్రతిపాదిస్తారు, ఇంకొకరు బలపరుస్తారు, సభ్యులు చేతులెత్తుతారు, అధికారి లెక్కపెడతారు. ఓట్లు సమానమైతే లాటరీ తీస్తారు. 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్కులపై సర్పంచ్‌తో పాటు ఉప సర్పంచ్ సంతకాన్నీ తప్పనిసరి చేయడంతో ఈ చేతుల లెక్కకు ఊళ్లలో విలువ బాగా పెరిగింది.

పెట్టెలో పడిన చీటీకి పేరుండదు. ఎవరు ఎటు వేశారో పాలేరు పనిచేసే ఇంటి ఆసామికీ తెలియదు, అప్పిచ్చినవాడికీ తెలియదు. ఎత్తిన చేతికి ముఖం ఉంటుంది. అది ఎవరిదో అందరూ చూస్తారు, ఎత్తే ముందు చుట్టూ చూసుకునే వీలూ ఉంటుంది. అమెరికాలో పార్టీలు అధ్యక్ష అభ్యర్థులను ఎంచుకునే ప్రైమరీకీ కాకస్‌కూ మధ్య తేడా చాలావరకు ఇదే.

ప్రైమరీ అంటే మనకు తెలిసిన పోలింగే. రాష్ట్ర ప్రభుత్వం నిర్వహిస్తుంది. ఓటరు తనకు వీలున్న వేళ వెళ్లి రహస్యంగా ఓటు వేసి వస్తాడు. కాకస్ పార్టీ జరిపే సమావేశం. అయోవా రాష్ట్రంలో డెమొక్రాట్లు 2020 వరకు పాటించిన పద్ధతిలో ఓటర్లు సాయంత్రం ఒక బడిలోనో హాల్లోనో చేరి, అభ్యర్థుల వారీగా గుంపులుగా విడిపోయేవారు. సాధారణంగా హాజరైనవారిలో 15 శాతం కూడా రాని గుంపు నిలవదు. అందులోనివాళ్లు మరో గుంపులోకి వెళ్లాలి, లేదా ఇంటికి పోవాలి. ఆ తర్వాత తలల లెక్కను పార్టీ సభలకు వెళ్లే ప్రతినిధుల లెక్కగా మార్చేవారు. 2020లో తొలి గుంపుల లెక్క, మారిన తర్వాతి లెక్క, ప్రతినిధుల లెక్క మూడింటినీ ప్రకటించారు. మొదటి రెండింటిలో బెర్నీ శాండర్స్ ముందుంటే, మూడోదానిలో పీట్ బుటిజెజ్ వెంట్రుకవాసి తేడాతో ముందున్నాడు. రిపబ్లికన్ల కాకస్ వేరు. అక్కడ ప్రసంగాలయ్యాక చీటీల మీదే ఓటు వేస్తారు.

పద్ధతి మారితే ఫలితం ఎంత మారుతుందో 2016లో వాషింగ్టన్ రాష్ట్రం చూపింది. సియాటెల్, రెడ్‌మండ్‌ల సాఫ్ట్‌వేర్ కంపెనీల వల్ల తెలుగువాళ్లకు బాగా తెలిసిన రాష్ట్రమది. మార్చిలో డెమొక్రాట్ల కాకస్‌కు దాదాపు 2.3 లక్షల మంది వచ్చారు. శాండర్స్‌కు 73 శాతం దాకా మద్దతు దక్కింది. మేలో అక్కడే ప్రైమరీ జరిగితే 8 లక్షలు దాటి ఓట్లు పడ్డాయి. హిల్లరీ క్లింటన్ సుమారు 52 శాతంతో గెలిచింది. ప్రతినిధులను మాత్రం కాకస్ ప్రకారమే కేటాయించారు. 2020 నాటికి ఆ పార్టీ అక్కడ ప్రైమరీకి మారింది.

కాకస్‌కు రాలేని లక్షల మంది ఎవరో ఊహించడం కష్టం కాదు. బొల్లారం, పాశమైలారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీలకు సెకండ్ షిఫ్టు మీద వెళ్లే కార్మికుడిని సాయంత్రం 7 గంటలకు సమావేశానికి వచ్చి రెండు గంటలు కూర్చోమంటే అతని మద్దతు లెక్కలోకే రాదు. పసిబిడ్డల తల్లిదీ, మంచం పట్టిన ముసలివాళ్లదీ అదే స్థితి.

తెలుగునాట పంచాయతీరాజ్ నేరుగా వేసే ఓటుకూ సభ్యుల ఓటుకూ మధ్య పలుమార్లు అటూఇటూ మారింది. 1959 అక్టోబర్ 11న షాద్‌నగర్‌లో నెహ్రూ ప్రారంభించిన వ్యవస్థలో పంచాయతీ సమితి అధ్యక్షుణ్ణి సభ్యులే ఎన్నుకునేవారు. సర్పంచ్‌నూ చాలాకాలం వార్డు సభ్యులే ఎన్నుకున్నారు. 1981 ఎన్నికల్లో ఆ ఓటు నేరుగా ప్రజల చేతికి వచ్చింది. ఎన్టీఆర్ ప్రభుత్వం సమితులను తీసేసి మండలాలు తెచ్చాక, 1987లో మండలాధ్యక్షులనూ జిల్లా పరిషత్ అధ్యక్షులనూ జనమే ఎన్నుకున్నారు. 1994 చట్టం ఆ రెండు పదవులను మళ్లీ సభ్యుల చేతులెత్తే ఓటుకు అప్పగించింది. తెలంగాణ 2018 చట్టమూ దాన్నే కొనసాగించింది.

దీనితో వచ్చిన జబ్బు క్యాంపు రాజకీయం. గెలిచిన ఎంపీటీసీలను, అంటే మండల పరిషత్ సభ్యులను, బస్సెక్కించి దూరపు రిసార్టుల్లో దాచి, ఎన్నిక వేళకు నేరుగా మండల పరిషత్ ఆఫీసులో దింపడం జనానికి అలవాటైన దృశ్యం. 2019లో తెలంగాణలో మే 27న జరగాల్సిన పరిషత్ ఎన్నికల ఓట్ల లెక్కింపును, మధ్యలో ఎక్కువ రోజులుంటే బేరసారాలు సాగుతాయని పార్టీలు మొరపెట్టుకోవడంతో జూన్ 4కు వాయిదా వేశారు. జూన్ 7న మండలాధ్యక్షుల ఎన్నిక, మర్నాడు జిల్లా పరిషత్ అధ్యక్షుల ఎన్నిక జరిగాయి.

అయినా ఇక్కడ చేయెత్తడమే సబబు. ఎంపీటీసీ తన సొంత ఓటు వేయడం లేదు. వేలమంది తనకిచ్చిన ఓటును వాడుతున్నాడు. అది ఎటు పోయిందో తెలుసుకునే హక్కు వాళ్లకుంది. గుర్తింపు పొందిన పార్టీ విప్ జారీ చేస్తే, దాన్ని ధిక్కరించిన సభ్యుడి పదవి పోతుంది. ఓటు బహిరంగం కాబట్టే ఈ నియమం అమలవుతుంది. పార్టీ గుర్తులు లేని గ్రామ పంచాయతీలో విప్ ఉండదు, కాబట్టి ఉప సర్పంచ్ ఎన్నికలో చేయెత్తిన వార్డు సభ్యుడు జవాబు చెప్పాల్సింది తన వార్డుకే.