తవుడు చరిత్ర

వడ్లు దంచగా వచ్చిన బియ్యము మనుష్యునకు, తవుడు పశువునకు, ఊక పొయ్యికి అని మన పెద్దలు పంచిపెట్టిరి. కౌలు చీటీలలో ధాన్యమునకు పద్దు కలదు; తవుడునకు లేదు. లెక్కకెక్కని యీ పదార్థమే వేలమంది ప్రాణములను నిలుపదగిన మందని తెలియుటకు వైద్యులకు బహుకాలము పట్టెను.

కాళ్లు తిమ్మిరెక్కి, ఒడలు వాచి, తుదకు గుండె నిలిచిపోవు బెరిబెరి అను వ్యాధి మన ఉత్తర సర్కారులలో పూర్వము మిక్కుటముగా నుండెను. మద్రాసు సైన్య వైద్యుడు మాల్కమ్‌సన్ దీనిపై 1835లో ఒక గ్రంథమే ప్రకటించెను. కారణము మాత్ర మెవ్వరికిని అంతుపట్టలేదు.

ఆ రహస్యము జావా ద్వీపమున కోళ్లగూటిలో బయటపడెను. 1890 ప్రాంతమున బటేవియాలో ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు పరీక్షలకై పెంచుచున్న కోళ్లు కాళ్లు పడిపోయి కూలసాగెను. ఆసుపత్రిలో మిగిలిన తెల్లని అన్నము వానికి మేతగా వేయుచుండిరి. కొత్తగా వచ్చిన వంటవాడు సైనికుల బియ్యము కోళ్లకేలనని నిరాకరించెను. ముడిబియ్యము వేయగా కోళ్లు లేచి తిరిగెను. ఆ వంటవాని పిసినారితనమునకు లోకము ఋణపడియున్నది! పిదప వోర్డర్‌మన్ అను అధికారి జావాలోని సుమారు నూరు చెరసాలలు పరిశీలించి, తెల్లబియ్యము తిను ఖైదీలకే వ్యాధి విస్తారముగా వచ్చుచున్నదని తేల్చెను. అయినను ఐక్‌మన్ బియ్యములో విషమున్నదనియు, తవుడు దానికి విరుగుడనియు భావించెను. విషము కాదు, కావలసిన దేదియో లోపించుటయే కారణమని 1901లో గ్రైన్స్ సరిదిద్దెను.

మనీలాలో బెరిబెరి గల తల్లుల పాలు త్రాగు పసికందులు చనిపోవుచుండగా, తవుడు నానబెట్టి తీసిన సారమును వారికి పోసిరి. దీనికి తికితికి అని పేరు. పశువుల కుడితిలో కలుపు వస్తువు ఉగ్గుగిన్నె కెక్కినది! ఈ చరిత్రలో ఇంతకంటె గొప్ప ఘట్టము లేదు. 1926లో జాన్సెన్, డోనాత్ అనువారు తవుడునుండి ఆ పదార్థమును స్ఫటికములుగా వేరుచేసిరి. వందల కిలోల తవుడునకు దక్కినది చిటికెడు మాత్రమే. నేడు దానిని థయమిన్, అనగా బి1 విటమిను అందురు.

మన దేశమున ఉప్పుడు బియ్యము తినువారికి ఈ వ్యాధి అరుదు. వడ్లు నానబెట్టి ఉడికించునప్పుడు తవుడులోని సారము గింజలోనికి దిగును. పిమ్మట మరపట్టినను కొంత నిలుచును. పచ్చిబియ్యమును మరలో తెల్లగా పాలిషు పట్టించి తిను సర్కారులలో ఆ రక్షణ లేకపోయెను. దంపుడు బియ్యమునకు అంటియుండు తవుడే అంతవరకు పేదవానిని కాపాడినది. తెలుపు మీది మోజు ప్రాణాంతకమైనది.

అట్లని మరలోని తవుడును డబ్బాలో పోసి దాచుకొనవచ్చునా? వీలుపడదు. గింజనుండి వేరైన తోడనే తవుడులోని ఒక కిణ్వము నూనెను విరుగగొట్టును. కొలది దినములలోనే కమటు వాసన పుట్టును. కొన్ని గంటలలోగా వేడిచేసి ఆ కిణ్వమును చంపవలెను. అట్లు నిలుపబడిన తవుడు నేడు రొట్టెలలోను, బలవర్ధక ఆహారములలోను చేరుచున్నది. నూనె తీసిన పిండి మరల పశువులకే పోవుచున్నది. ఆ నూనెలో ఒరిజనాల్ అను పదార్థమున్నదని 1950 దశకమున జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అది కొలెస్ట్రాలును తగ్గించునందురు. మరనుండి నూనె మిల్లుకు చేరుటలో ఆలస్యమైన తవుడు మాత్రము నేటికిని సబ్బులకో, గాటికో పోవుచునే యున్నది.