ట్యాంకు కన్నా ముందు నేల చూడండి: అసల్ ఉత్తర్, 1965

ట్యాంకుల ఆట ఆడే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఈ పోస్టు. ఫోన్లోనో కంప్యూటర్లోనో యుద్ధం ఆట పెట్టుకుని ఏ ట్యాంకు తీసుకోవాలి, దేనికి కవచం ఎంత, గొట్టం ఎంత, స్పీడు ఎంత అని లెక్కలు వేసేవాళ్లు మన ఊళ్లలోనూ బాగానే ఉన్నారు. ఆడుకోండి, తప్పేం లేదు. కాకపోతే ఆటలో గెలవాలన్నా, నిజం ట్యాంకుల యుద్ధం ఎలా జరిగిందో తెలుసుకోవాలన్నా ఆ మూడు నంబర్లూ చాలవు. నాలుగోది ఒకటుంది, అది నేల. నేల గురించి రైతుకు కొత్తగా చెప్పేదేం ఉండదు గానీ, అది యుద్ధంలో ఎవరిని ఎక్కడ ముంచిందో మాత్రం చెప్పుకోవాలి.

ముందు పేరు సంగతి చూద్దాం. ట్యాంకు అంటే మనకు గుర్తొచ్చేది వీపున వేసుకునే మందు ట్యాంకు, లేదంటే డాబా మీద నీళ్ల ట్యాంకు. హైదరాబాద్ ట్యాంక్ బండ్ అంటే చెరువు కట్టే కదా. తమాషా ఏంటంటే యుద్ధ ట్యాంకుకు ఆ పేరొచ్చింది కూడా నీళ్ల వల్లనే. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్లు దీన్ని రహస్యంగా తయారు చేస్తూ, ఎవరైనా అడిగితే ఎడారికి నీళ్లు మోసే తొట్లు అని చెప్పారు. అబద్ధానికి పెట్టిన పేరే చివరికి నిలిచిపోయింది.

దాని కాళ్లు మాత్రం అచ్చంగా వ్యవసాయం నుంచే వచ్చాయి. కాలిఫోర్నియాలో స్టాక్టన్ చుట్టుపక్కల మెత్తటి నేలలు. బరువైన ఆవిరి ట్రాక్టర్లు వాటిలో దిగబడిపోయేవి. బెంజమిన్ హోల్ట్ అనే ఆయన మొదట చక్రాలు వెడల్పు చేసి చూశాడు, మనం దమ్ముకి కేజ్ వీల్స్ తగిలించుకున్నట్టు. అది చాల్లేదు. 1904లో చక్రాలు తీసేసి గొలుసు పట్టా వేసి నడిపాడు. బరువు అదే, కానీ అది ఎక్కువ నేల మీద పరుచుకుంది, బండి నడిచింది. అలాంటి ట్రాక్టర్లు ఫిరంగుల్ని లాగుతాయని తెలిశాక, దీనికి ఉక్కు కవచం తొడిగితే కందకాలు దాటేయొచ్చు కదా అని ఎర్నెస్ట్ స్వింటన్ అనే బ్రిటిష్ అధికారికి తట్టింది.

ఫ్రాన్స్‌లో సోమ్ దగ్గర 1916 సెప్టెంబర్ 15న ట్యాంకులు మొదటిసారి యుద్ధంలోకి దిగాయి. 49 సిద్ధం చేస్తే ముప్పై చిల్లరే బయలుదేరే చోటికి చేరాయి. మరుసటి ఏడాది పాషెండేల్‌లో వానలకీ ఫిరంగి గుండ్లకీ నేల మొత్తం అడుసైపోయి, ట్యాంకులు అందులో కూరుకుపోయాయి. అవే ట్యాంకుల్ని 1917 నవంబర్ 20న కాంబ్రే దగ్గర సున్నపు నేల మీద, గట్టిగా ఆరిన చోట, 400కు పైగా ఒకేసారి వదిలారు. ఒక్కరోజులో జర్మన్ల లైన్లు చీల్చుకుపోయారు. మూడు నాలుగు నెలల తేడాలో బండి మారలేదు, నేల మారింది. కాంబ్రేలో కూడా మొదటి రోజు 179 ట్యాంకులు ఆగిపోతే శత్రువు కొట్టినవి 65 మాత్రమే. మిగతావి చెడిపోయినవి, గోతుల్లో పడినవి. ట్రాక్టరు నడిపేవాళ్లకు ఈ లెక్క వింతేం కాదు.

ఇక్కడ మనకు సంబంధించిన ముక్క ఒకటుంది. ట్యాంకులు దిగడానికి రెండు నెలల ముందు, 1916 జూలై 14న, అదే సోమ్ యుద్ధంలో హై వుడ్ అనే చోట గుర్రాల మీద ఈటెలతో దాడి చేసిన వాళ్లలో 20వ డెక్కన్ హార్స్ ఉంది. వాళ్లున్న బ్రిగేడ్ పేరు సికింద్రాబాద్ కావల్రీ బ్రిగేడ్. నిజాం రాజ్యంలో ఉన్న హైదరాబాద్ కాంటింజెంట్ గుర్రపు దళాల నుంచి పుట్టిన రెజిమెంట్ అది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి గుర్రాలు పోయి షెర్మన్ ట్యాంకులొచ్చాయి, వాటితో బర్మాలో పోరాడింది. ఆ షెర్మన్లతోనే 1965లో పంజాబ్‌లో ఒక చెరకు తోటలో నిలబడింది. ఈ పోస్టు అసలు ఆ తోట గురించే.

1965 సెప్టెంబర్. సరిహద్దు పక్కనే ఖేమ్‌కరణ్ అనే చిన్న పట్టణం. మన 4వ మౌంటెన్ డివిజన్ అటువైపు దాడికి వెళ్లి, ఎదురుదెబ్బ తిని వెనక్కి వచ్చేసింది. వెనకే పాకిస్తాన్ 1వ ఆర్మర్డ్ డివిజన్ వచ్చింది. వాళ్ల ఎత్తు చిన్నదేం కాదు. ఖేమ్‌కరణ్ దాటి బియాస్ నది వంతెన పట్టుకుంటే అమృత్‌సర్, దాని చుట్టూ ఉన్న మన సైన్యం మొత్తం తెగిపోయినట్టే. అప్పటి సైన్యాధిపతి జనరల్ జె.ఎన్. చౌదరి బియాస్ వెనక్కి తగ్గుదామని అన్నారనీ, తాను ఒప్పుకోలేదనీ పడమటి సైన్యం చూసిన లెఫ్టినెంట్ జనరల్ హర్‌బక్ష్ సింగ్ తర్వాత రాశారు. (ఈ చౌదరి గారు మనకు తెలిసినాయనే. 1948లో హైదరాబాద్ మీదికి సైన్యాన్ని నడిపి, తర్వాత మిలిటరీ గవర్నర్‌గా ఉన్నది ఆయనే.)

ఇప్పుడు ఆటలోలాగా రెండు పక్షాల కార్డులు పక్కపక్కన పెట్టండి. అటు అమెరికా ప్యాటన్లు: 45 టన్నులు, 90 మిల్లీమీటర్ల గొట్టం, దూరం కొలిచే జంట అద్దాల పరికరం, గురి లెక్కగట్టే యంత్రం. ఇటు 3 కావల్రీ దగ్గర బ్రిటిష్ సెంచూరియన్లు, డెక్కన్ హార్స్ దగ్గర రెండో ప్రపంచ యుద్ధం నాటి షెర్మన్లు, 8 లైట్ కావల్రీ దగ్గర ఫ్రెంచ్ ఏఎంఎక్స్-13లు. ఆ చివరివి పదిహేను టన్నులు కూడా ఉండవు. సెంచూరియన్ ఒక్కటే ప్యాటన్‌కు జోడీ. సంఖ్యలోనూ మనవే తక్కువ. కార్డులు చూసి పందెం కాస్తే ఎవరైనా ప్యాటన్ మీదే కాస్తారు.

మేజర్ జనరల్ గురుబక్ష్ సింగ్, ఆర్మర్డ్ బ్రిగేడ్ చూసిన బ్రిగేడియర్ థియోగరాజ్ చేసింది ఏంటంటే, ఎదురెళ్లి కొట్టుకోవడం మానేశారు. ఖేమ్‌కరణ్‌కు కొద్ది కిలోమీటర్ల వెనక అసల్ ఉత్తర్ అనే ఊరి చుట్టూ గుర్రపు లాడం ఆకారంలో ట్యాంకుల్నీ ట్యాంకులు కొట్టే తుపాకుల్నీ దాచి కూర్చోబెట్టారు. కాలువలకు గండి కొట్టి రాత్రికి రాత్రి పొలాల్లోకి నీళ్లు వదిలారు.

సెప్టెంబర్‌లో పంజాబ్ చెరకు ఎంత ఎత్తుంటుందో మీరే ఊహించుకోండి. మనిషిని ఎటూ మింగేస్తుంది, ట్యాంకును కూడా దాచేస్తుంది. ప్యాటన్ ఎత్తు మూడు మీటర్లే. తోటలో కదలకుండా ఉన్న ట్యాంకు కనపడదు. కదిలిందా, దొరికిపోయింది. తోటలో అడవిపంది తిరుగుతుంటే గట్టు మీద నిలబడ్డ మనం ఎలా కనిపెడతాం? పంది కనపడక్కర్లేదు, పై ఆకులు ఊగుతాయి కదా. నలభై అయిదు టన్నుల పంది అయితే చెప్పాలా!

సెప్టెంబర్ 8 నుంచి 10 వరకు ప్యాటన్లు మళ్లీ మళ్లీ వచ్చాయి. మనవాళ్లు దగ్గరికి వచ్చేదాకా ఆగారు. ట్యాంకుకు ముందు కవచం మందం, పక్కన పల్చన. లాడం లోపలికి వచ్చిన బండికి ఎటో ఒకవైపు పక్క చూపించక తప్పదు. షెర్మన్ లాంటి పాత బండి ప్యాటన్‌ను కొట్టగలిగింది అందుకే. అది ఎదురుగా నిలబడి కొట్టుకునే పోటీ అయి ఉంటే కథ వేరేలా ఉండేది.

నీళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్యాటన్ బరువు కాబట్టి దిగబడింది అని చాలామంది రాసేస్తారు. నిజానికి మన సెంచూరియన్ ప్యాటన్ కన్నా బరువు, యాభై టన్నులు దాటుతుంది. ప్యాటన్ పట్టా కింద నేల మీద పడే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు కేజీ లోపే. మన 50 హెచ్‌పీ ట్రాక్టర్లు ఓ ఇరవై కలిపితే వచ్చే బరువు, అయినా ఒత్తిడి అంతే. మరి ఎందుకు దిగబడింది? తడిసిన పొలంలో నేరుగా పోయినంతసేపు పట్టా మోస్తుంది. తిరగాల్సి వచ్చినప్పుడే వస్తుంది చిక్కు. ఒకవైపు పట్టా నెమ్మదించి రెండోది లాగాలి, అప్పుడది పై మట్టిని గీరేస్తుంది, కింద అడుసు బయటపడుతుంది. ముందు బండి పోయిన జాడలోనే రెండోది పోతే ఇంకా లోతు. పొట్ట నేలకు ఆనిందంటే ఇక పట్టా ఎంత తిరిగినా లాభం లేదు. బరువైన సెంచూరియన్లు దిగబడకపోవడానికి కారణం అవి కదలనవసరం లేకపోవడమే. గట్టి చోటు ముందే చూసుకుని కూర్చున్నాయి. కదలాల్సిన పని దాడి చేసేవాడిది. బురద ఇద్దరికీ ఒకటే, బాధ మాత్రం వచ్చేవాడిదే.

10వ తేదీన పాకిస్తాన్ వాళ్లు నేరుగా కుదరక పక్కనుంచి చుట్టి రావాలని చూశారు. ఆలోచన తప్పు కాదు, పుస్తకాల్లో చెప్పేదీ అదే. కానీ ఆ చుట్టుదారంతా నీళ్లు నిండిన పొలాలే. వాళ్ల 4 కావల్రీ అందులో చిక్కుకుని, మర్నాడు పొద్దున కమాండింగ్ ఆఫీసర్‌తో సహా లొంగిపోయింది. మన సైన్యం లెక్కలో ఆ పోరులో పాకిస్తాన్ పోగొట్టుకున్న ట్యాంకులు 97. భిఖీవిండ్ దగ్గర వాటిని వరసగా నిలబెడితే జనం ఆ చోటుకి ప్యాటన్ నగర్ అని పేరు పెట్టారు.

అబ్దుల్ హమీద్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 4 గ్రెనేడియర్స్‌లో కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్. ఆయన దగ్గరున్నది ట్యాంకు కాదు, జీపు మీద బిగించిన 106 మిల్లీమీటర్ల రీకాయిల్‌లెస్ తుపాకి. దానికో గుణం ఉంది: పేల్చినప్పుడు వెనక నుంచి కూడా మంట, దుమ్ము కక్కుతుంది. అంటే ఒక్క గుండు వదిలితే చాలు, ఎక్కడున్నావో శత్రువుకు తెలిసిపోతుంది. వెంటనే చోటు మార్చాలి. జీపుకు కవచం ఉండదు. చెరకు చాటున చోట్లు మారుస్తూ ఒకదాని తర్వాత ఒకటిగా ప్యాటన్లను కొట్టి, 10వ తేదీన ఒక ట్యాంకు గుండుకే ఆయన చనిపోయారు. పరమవీర చక్ర ఇచ్చారు. ఆటలో జీపును ఎవరూ తీసుకోరు.

ప్యాటన్ల పరికరాలు ఎక్కువైపోయి వాళ్లకు వాడడం రాలేదని మన దగ్గర ఒక మాట బాగా చెలామణీలో ఉంది. కొంత నిజం ఉండొచ్చు. రెండు కళ్లతో జంట అద్దాల్లో బొమ్మను సరిచూసుకుని దూరం కొలవడం సాధన లేకుండా వచ్చే విద్య కాదు, మూడు నాలుగు వందల గజాల్లో చెరకు మధ్య దాని అవసరమూ లేదు. పైగా తోటల్లో ట్యాంకుల ముందు నడిచి చూసే కాల్బలం వాళ్లకు సరిగా తోడు రాలేదు. మూత వేసుకున్న ట్యాంకు సగం గుడ్డిది. కానీ ప్యాటనే చెత్త బండి అని తేల్చేసేవాళ్లు అదే వారం సియాల్‌కోట్ వైపు ఏం జరిగిందో చూడాలి.

సెప్టెంబర్ 8న మన 1వ ఆర్మర్డ్ డివిజన్ సెంచూరియన్లతో అటు దాడికి వెళ్లింది. ఎదురుగా ఉన్నది పాకిస్తాన్ 25 కావల్రీ, ఒక్క రెజిమెంట్. ప్యాటన్లను గద్‌గోర్ దగ్గర వెడల్పుగా పరిచి, పొంచి కూర్చున్నారు. ఎదుట చాలా పెద్ద దళం ఉందనుకుని మనవాళ్లు ఆగిపోయారు. ఆ ఆగిన రెండు రోజుల్లో అవతల బలం పెరిగింది. తర్వాత ఫిల్లోరా మనకు దక్కింది, కానీ చవిండా ఎంత ప్రయత్నించినా దక్కలేదు. పూనా హార్స్‌ను నడిపిన లెఫ్టినెంట్ కల్నల్ తారాపోర్ 16న అక్కడే ప్రాణం వదిలారు, ఆయనకూ పరమవీర చక్రే. బండ్లు అవే, అటూ ఇటూ మారాయంతే: ఒకచోట సెంచూరియన్ కూర్చుంది, ఇంకోచోట ప్యాటన్ కూర్చుంది. పొంచి ఉన్నవాడికి ముందు చూసే అవకాశం, ముందు చూసినవాడికి ముందు కొట్టే అవకాశం.

కాబట్టి ఆటలో మ్యాప్ తెరవగానే ట్యాంకు ఎంచుకోకండి. నీళ్లు ఎటు పారతాయి, గట్లు ఎటున్నాయి, ఎక్కడ పంట ఎత్తుగా ఉంది, అవతలివాడు ఏ దారిన రాక తప్పదు, అవి చూసుకోండి. గట్టు వెనక బండి దించి గొట్టం మాత్రమే పైకి పెట్టి కొట్టాలంటే ఆ గొట్టం కిందికి ఎంత వంగుతుందో కూడా చూడాలి. సెంచూరియన్‌ది పది డిగ్రీలు వంగుతుంది, రష్యా టీ-55ది అయిదే. ఆ అయిదు డిగ్రీల తేడాకి టీ-55 వాడు గట్టు మీదికి ఎక్కి ఒళ్లంతా చూపించాల్సి వస్తుంది. ఒక్క గుండు కొట్టాక చోటు మార్చండి. చుట్టుదారి కనపడగానే దూకకండి, అది ఖాళీగా ఎందుకుందో ముందు ఆలోచించండి.

ఇంకో సంగతి ఆటలో రాదు. అసల్ ఉత్తర్‌లో అంత గెలిచినా ఖేమ్‌కరణ్ మన చేతికి రాలేదు. తిరిగి తీసుకోబోతే కుదరలేదు, ఎందుకంటే ఈసారి కదలాల్సింది మనవాళ్లు, పొంచి కూర్చున్నది వాళ్లు. సెప్టెంబర్ 23న కాల్పులు ఆగేనాటికి ఆ పట్టణం పాకిస్తాన్ చేతిలోనే ఉంది. 1966 జనవరి 10న తాష్కెంట్‌లో ఒప్పందం రాసుకుని, ఫిబ్రవరిలో రెండు సైన్యాలూ వెనక్కి వెళ్లాక గానీ ఖేమ్‌కరణ్ వాళ్లకు తమ పొలాలు మళ్లీ దక్కలేదు.