ఆరు వేల లీటర్ల లెక్క

దక్షిణాఫ్రికాలో ప్రతి ఇంటికీ నెలకు 6,000 లీటర్ల నీరు ఉచితంగా ఇవ్వాలన్న విధానం 2001 జూలైలో అమల్లోకి వచ్చింది. మనిషికి రోజుకు 25 లీటర్లు, ఇంటికి ఎనిమిది మంది, నెలకు 30 రోజులు అన్న లెక్కతో ఆ అంకె వచ్చింది. అంతకు మించి వాడిన నీటికి శ్లాబులు పెట్టారు. వాడకం పెరిగేకొద్దీ లీటరు ధర పెరుగుతుంది. పేద ఇంటికి కనీస అవసరం తీరాలి, తోటలకూ ఈతకొలనులకూ ధారాళంగా నీళ్లు వాడేవారు కాస్త తగ్గాలి. ఈ రెండూ ఒక్క బిల్లుతోనే జరగాలని ఆశించారు.

వర్ణవివక్ష పాలన ముగిసిన 1994 నాటికి ఆ దేశంలో కోటి మందికి పైగా సురక్షితమైన తాగునీరు లేదు. నీటి శాఖ మంత్రి కాదర్ అస్మల్ హయాంలో పల్లెపల్లెకూ పైపులు వేశారు. సరిపడా నీరు పొందే హక్కు 1996 రాజ్యాంగంలోని 27వ సెక్షన్‌లోకి ఎక్కింది. అయితే సరఫరా నడిపే ఖర్చు మాత్రం వాడుకునేవారే భరించాలన్నది అప్పటి విధానం. దాని ఫలితం 2000 ఆగస్టులో బయటపడింది. క్వాజులు-నాటల్ రాష్ట్రంలో ఎంపంగేని పట్టణం దగ్గర, అంతవరకు ఉచితంగా నీళ్లిచ్చిన కుళాయిలకు ప్రీపెయిడ్ పద్ధతి పెట్టారు. డబ్బు కట్టలేనివారు ఏటి నీళ్లకు మళ్లారు, కలరా అంటుకుంది. లక్ష మందికి పైగా జబ్బుపడ్డారు, రెండు వందల మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాది డిసెంబరులో జరిగిన స్థానిక ఎన్నికల్లో ఉచిత నీరు పాలక పక్షం ప్రధాన హామీ అయింది.

డర్బన్ నగరం ఆ పని అప్పటికే మొదలుపెట్టింది. 1990ల చివర్లో అక్కడి పేటల్లో ఇంటి ఆవరణలో 200 లీటర్ల ట్యాంకు పెట్టి, రోజుకు ఒకసారి నింపేవారు. అంత కొద్ది నీటికి మీటరు చూసి, బిల్లు పంపి, డబ్బు వసూలు చేయడానికయ్యే ఖర్చు వచ్చే రాబడి కంటే ఎక్కువని ఇంజనీర్లు గమనించారు. ఉచితంగా ఇవ్వడమే చవక అని తేల్చుకున్నారు. రోజుకు 200 లీటర్లంటే నెలకు 6,000.

అసలు చిక్కు జొహానెస్‌బర్గ్‌లో వచ్చింది. నల్లజాతి కార్మికుల పేట సొవెటోలో మీటర్లతో పని లేకుండా నెలకు 20,000 లీటర్లు వాడినట్టు లెక్కగట్టి ఒకే మొత్తం వసూలు చేసేవారు. నిజానికి ఇంటింటికీ పోయే నీరు దానికి మూడింతలు దాటేది. పాత పైపుల్లోంచి, చెడిపోయిన కుళాయిల్లోంచి చాలా నీరు కారిపోయేది. నగరం కొన్న నీటిలో నాలుగో వంతుకు పైగా సొవెటోకే పోయేది, రాబడి మాత్రం నూటికి ఒక్క వంతు. వృథా అరికట్టడం తప్పనిసరే. అందుకని 2003లో ఫిరి అనే వాడతో మొదలుపెట్టి పైపులు మార్చి, ప్రీపెయిడ్ మీటర్లు బిగించారు. నెల మొదట్లో 6,000 లీటర్లు వచ్చేవి. అవి అయిపోతే డబ్బు వేసేదాకా కుళాయి రాదు. ధనిక వాడల్లో బిల్లు బాకీ పడితే ముందు నోటీసు వెళ్లేది. ఫిరిలో నోటీసు లేదు, గడువు లేదు.

పైగా ఫిరిలో ఒక్కో స్థలంలో అసలు ఇంటి వెనక అద్దె గుడిసెలు ఉండేవి. ఒకే మీటరు మీద పదహారు మంది బతికితే తలకు 25 లీటర్లు కాస్తా 12.5 అవుతాయి. ఇంటిని కొలమానంగా తీసుకున్న ఏ ధరల పట్టికలోనైనా ఉండే లోపమిది. శ్లాబులు పెరిగే చోట అది ఇంకా అన్యాయంగా మారుతుంది. నాలుగు కుటుంబాలు ఒక కుళాయిని పంచుకుంటే, పొదుపుగా వాడినా కలిపి పై శ్లాబులోకి పోతాయి. ఒంటరిగా ఉన్న సంపన్నుడు కింది శ్లాబులో హాయిగా ఉంటాడు.

ఫిరి నివాసులు ఐదుగురు కోర్టుకెక్కారు. 2008 ఏప్రిల్‌లో హైకోర్టు మనిషికి రోజుకు 50 లీటర్లు ఇవ్వాలంది, ప్రీపెయిడ్ మీటర్లు చెల్లవంది. 2009 మార్చిలో అప్పీలు కోర్టు దాన్ని 42కు తగ్గించింది. అదే ఏడాది అక్టోబరు 8న రాజ్యాంగ న్యాయస్థానం రెండు తీర్పుల్నీ పక్కన పెట్టింది. ఎన్ని లీటర్లన్నది తేల్చడం ప్రభుత్వం పనేనని, నగరం విధానం సహేతుకమేనని జస్టిస్ కేట్ ఒరెగన్ రాశారు. ఓడినా దావా వృథా పోలేదు. వ్యాజ్యం నడుస్తుండగానే నగరం నిరుపేద కుటుంబాలకు ఉచిత నీటిని పెంచింది.

తర్వాత కరవు వచ్చి ఈ ఉదారతను కుదించింది. కేప్‌టౌన్ 2017లో ఉచిత కోటాను నిరుపేదలకే పరిమితం చేసి, 2018 ఫిబ్రవరిలో మనిషికి రోజుకు 50 లీటర్ల పరిమితి పెట్టింది.

మన దేశంలో ఢిల్లీ 2015 మార్చి నుంచి నెలకు 20,000 లీటర్లు ఉచితం చేసింది. దాటితే మొత్తం వాడకానికీ చెల్లించాలి. హద్దు దగ్గర ఉన్న ఇంటికి పొదుపు చేయాలనిపిస్తుంది, దాటిపోయిన ఇంటికి ఆ ప్రేరణ మిగలదు. హైదరాబాద్ 2021 జనవరిలో అంతే నీటిని ఉచితం చేసింది. సొంతిళ్లకు మీటరు తప్పనిసరి చేసింది, బస్తీలకు మినహాయింపునిచ్చింది. అపార్ట్‌మెంట్లకు నల్లా కనెక్షన్‌ని కాక, ఉన్న ఫ్లాట్లన్నింటినీ లెక్కలోకి తీసుకుంది. ఫిరిలో జరిగిన అన్యాయం అలా కొంత తప్పింది. అయితే ఫ్లాటుకో మీటరు లేని చోట నీటి ఖర్చు మెయింటెనెన్స్‌లో కలిసిపోతుంది. పొదుపు చేసిన ఇల్లూ చేయని ఇల్లూ ఒకే మొత్తం కడతాయి.