చదరంగపు గళ్ళలో దాగిన సంఖ్య

చదరంగపు పలకమీద మొదటి గడిలో ఒక బియ్యపుగింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు రెట్టిస్తూ 64 గళ్ళు నింపితే మొత్తం ఎంత? 1+2+4 చేసిన 7 వచ్చును. అది తరువాతి గడిలోని 8కి ఒకటి తక్కువ. ఈ లెక్కన మొత్తము 2⁶⁴−1, అనగా 18446744073709551615.

ఇది ఎంత బియ్యమో పలకమీద తెలియదు. వేయి గింజలు 20 గ్రాములు, ఘనమీటరు బియ్యం 750 కిలోలు అనుకొందాం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడును 2022 వరకు అనంతపురం జిల్లాలోనివే. సుమారు 19,130 చదరపు కిలోమీటర్ల ఆ పాతజిల్లా యావత్తూ దాదాపు 25 మీటర్ల మందాన బియ్యం పరచవచ్చును. ఏడాదికి ఐదారువందల మిల్లీమీటర్ల వానకై ఎదురుచూచే నేల అది!

ఈ ఇరువది అంకెలను పూర్వులు ఒక్క తెలుగు పద్యంలో ఇమిడ్చినారు. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో వ్రాసిన గణితసారసంగ్రహాన్ని తెనిగించిన పావులూరి మల్లన పేరిట ఆ పద్యం ప్రసిద్ధము. చంద్రుడన్న 1, వేదమన్న 4, ఆకాశమన్న సున్న. అంకెలను ఒకట్ల స్థానం నుండి ఎడమకు పేర్చుకోవలెను. పద్యం కంఠస్థమైతే సంఖ్యయు కంఠస్థమే.

అయితే ఇందులో ఒక చిక్కున్నది. పద్యంలో సముద్రవాచకములు రెండున్నవి. సముద్రములు నాలుగని ఒక వాడుక, ఏడని మరియొక వాడుక. ఏది గ్రహించవలెను? నిఘంటువు తేల్చలేని ఈ తగవును గణితమే తీర్చును. ఒక సంఖ్యలోని అంకెలు కూడగా వచ్చినదానిని 9తో భాగించిన శేషమే ఆ సంఖ్యకును శేషము. 2ను రెట్టిస్తూపోతే ఈ శేషములు 2, 4, 8, 7, 5, 1 అని ఆరింటికొకసారి తిరిగివచ్చును. కనుక 2⁶⁴కు శేషం 7. ఒకటి తీసివేయగా 6. సముద్రాన్ని 4గా తీసుకొంటే అంకెల మొత్తం 87, శేషం 6, సరిపోయినది. ఒక సముద్రాన్ని 7 చేస్తే మొత్తం 90, శేషం సున్న. రెండింటినీ 7 చేస్తే 93, శేషం 3. రెండును పొసగవు.

తాటాకులపై ఎత్తివ్రాయుటలో ఒక అంకె తప్పిపోయినా ఈ పరీక్ష పట్టును, సున్నకు 9, 9కి సున్న పడినప్పుడు తప్ప. ఆ దొంగను 17 పట్టుకొనును. ఏలయన ఈ సంఖ్య 17చే నిశ్శేషంగా భాగింపబడును. వర్గముల భేదసూత్రాన్ని మరల మరల వాడితే 2⁶⁴−1 ఇట్లు విడిపోవును:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

మొదటి ఐదును ప్రధానసంఖ్యలే. ఈ వరుసలోనివన్నియు ప్రధానములే కావలెనని 17వ శతాబ్దిలో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా తలచెను. 1732లో ఆయిలర్ ఆరవదానిని 641తో భాగించి చూపెను. భాగఫలము 6700417, అది మరి విడిపోదు.